పని చెడగొట్టిన మేస్త్రి, ప్లంబరు, పెయింటరు: ఇంటి యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు కట్టించుకున్నవాళ్లు ఇద్దరు ఒకచోట కూర్చుంటే పది నిమిషాల్లో మాట మేస్త్రి మీదికి మళ్లుతుంది. ఒకరి శ్లాబు కారుతుంటుంది, ఇంకొకరి పడకగది గోడ చెమ్మకు ఉబ్బి ఉంటుంది. చివరికి ఇద్దరూ "మన ఖర్మ" అనుకుని లేస్తారు. ఖర్మతో పని లేదు, చట్టం ఉంది. అయితే దాని దగ్గరికి ఉత్త చేతులతో వెళ్తే ఉత్త చేతులతోనే తిరిగి వస్తాం. మా కాలనీలో ఇలాంటి ఫిర్యాదులు రాసిపెట్టే పని కొన్నేళ్లుగా నా నెత్తిన పడింది. అక్కడ పదే పదే వినే ప్రశ్నలు ఇవి. నేను వకీలును కాను. లక్షల వ్యవహారమైతే వకీలును కలిసే ముందు చదువుకోవడానికి ఇవి పనికొస్తాయి.

వినియోగదారుల చట్టం టీవీలకూ ఫ్రిజ్‌లకూ కదా? మేస్త్రి మీద ఫిర్యాదు చేయవచ్చా?

చేయవచ్చు. ఇప్పుడున్న వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది, 2020 జులై 20న అమలు మొదలైంది. అందులో సరుకులతో పాటు సేవలూ ఉన్నాయి. ఇంటి నిర్మాణం అన్న మాట సేవ నిర్వచనంలోనే ఉంది. ఇది కొత్తగా చేర్చింది కాదు. 1986 నాటి పాత చట్టాన్ని 1993లో సవరించినప్పుడే వచ్చి చేరింది. అదే ఏడాది నవంబరులో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇల్లు కట్టి ఇవ్వడం సేవే అని తేల్చింది.

డబ్బు తీసుకొని టైల్స్ వేసినా, రంగులు వేసినా, పైపులు బిగించినా, అల్మరాలు చేసి ఇచ్చినా అది సేవే. చేస్తానన్న నాణ్యతలో, తీరులో తేడా వస్తే దాన్ని చట్టం సేవా లోపం అంటుంది. పని చేసినవాడికి కంపెనీ బోర్డు ఉండనక్కర లేదు, ఒక్క మనిషైనా సరే. ఉచితంగా చేసిన పని మాత్రం ఈ చట్టం కిందికి రాదు. బావమరిది ఆదివారం వచ్చి సరదాగా బిగించిన గీజరు కారితే అది ఇంట్లో తేల్చుకోవలసిన సంగతి.

రోజు కూలికి పిలిచిన మేస్త్రి గోడ వంకరగా కట్టాడు. అతని మీద వేయవచ్చా?

ఇక్కడ చిక్కుంది. చట్టం వ్యక్తిగత సేవా ఒప్పందాన్ని మినహాయించింది. అంటే యజమాని, పనివాడు సంబంధం. మీరు పక్కన నిలబడి "ఇక్కడ ఇటుక పెట్టు, అక్కడ మాలు వెయ్యి" అంటూ ఉంటే, అతను సాయంత్రం కూలి తీసుకొని వెళ్తే, అవతలివారు ఈ మినహాయింపునే ముందుకు తెస్తారు. "ఈ గోడ మొత్తం ఇంతకు కట్టి ఇస్తాను" అని గుత్తకు ఒప్పుకున్నవాడి విషయం వేరు. ఎలా కట్టాలో అతనికి తెలుసు, ఫలితానికి అతనే బాధ్యుడు. తేడా వస్తే ఫిర్యాదు నిలబడేది అక్కడే.

ఈ ప్రశ్న అడిగినవాళ్లకు ఇంకో మాట కూడా చెబుతుంటాను. అడ్డా మీద నిలబడే కూలీ మీద కేసు వేసి మీరు రాబట్టేది ఏమీ ఉండదు. వంకర గోడను మూడో వరుస దగ్గరే తూకం గుండు వేలాడదీసి చూసుకోవలసింది. మీరే పెత్తనం చేసిన పనిలో అజమాయిషీ కూడా మీదే.

సిమెంటు, ఇసుక మేమే తెచ్చి ఇచ్చాం. కూలీ మాత్రమే గుత్తకు ఇచ్చాం. అప్పుడెలా?

పనితనానికి అతను బాధ్యుడు, సామానుకు మీరు. మాలు కలిపిన పాళ్లు, టైలు వెనుక ఖాళీ, వాలు తప్పిన గచ్చు అతని ఖాతాలోకి వస్తాయి. ఉప్పు బోరు నీళ్లు మీరే పట్టించి ఉంటే, చవకగా వచ్చిందని మట్టి ఇసుక దించి ఉంటే, గోడ మీద తెల్లటి ఉప్పు పొర లేచినందుకు అతన్ని ఏమనగలరు?

క్యూరింగ్ దగ్గర గొడవ ఎక్కువ. నీళ్లు కొట్టడం ఎవరి పనో ముందే తేల్చుకోండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటు కాంక్రీటుకు కనీసం 7 రోజులు తడి ఆరకుండా ఉంచాలి. మన ఎండల్లో, లేదా ఇప్పుడు ఎక్కువగా దొరికే బూడిద కలిసిన సిమెంటుతో అయితే 10 రోజులకు తగ్గకూడదు, 14 రోజులైతే మేలు. మే నెలలో మూడు రోజులు తడిపి వదిలేసిన శ్లాబు గురించి ఆ తరువాత వాదించుకునేది "నువ్వు చూసుకుంటావనుకున్నాను" అన్న ఒక్క మాట మీదే.

పనితనం లోపమో, మామూలుగా వచ్చేదో ఎలా తెలుస్తుంది?

అన్ని పగుళ్లూ ఒకటి కావు. పూత మీద సాలెగూడులా సన్నగా, వెంట్రుక మందాన వచ్చే బీటలు చాలావరకు పూత ఆరిన తీరు వల్ల వస్తాయి. చూడ్డానికి బాగుండవు, ఇంటికి ప్రమాదం లేదు. స్తంభానికీ ఇటుక గోడకూ మధ్య నిట్టనిలువుగా గీత గీసినట్టు వచ్చే పగులు పనితనం సంగతి. ఆ అతుకు మీద పూత పూసేముందు ఇనుప వల కొట్టాలి, చాలామంది ఎగ్గొడతారు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయే పగుళ్లు, ఇటుకల అతుకుల వెంట మెట్లు మెట్లుగా దిగే పగుళ్లు కనబడితే ఆలస్యం చేయకుండా ఇంజినీరుకు చూపించండి. నల్లరేగడి నేల మీద కట్టిన ఇళ్లలో ఇవి మనకు కొత్త కాదు. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. పునాది దానికి తగినట్టు వేయకపోతే గోడ చెబుతుంది.

పగులు పెరుగుతోందా, ఆగిందా తెలుసుకోవడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిలుతో అడ్డగీత గీసి పక్కన తేదీ వేయండి. మధ్యలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్ద పల్చగా అద్దండి. నెల తరువాత ముద్ద చిట్లినా, పగులు గీత దాటినా అది ఇంకా కదులుతోందని అర్థం. ప్రతిసారీ ఒకే చోట నుంచి ఫొటో తీసిపెట్టుకోండి. ఫిర్యాదుకు ఇంతకంటే మంచి సాక్ష్యం అరుదు.

టైల్స్ సంగతి చెవితో తెలుస్తుంది. రూపాయి బిళ్ళతో ఒక్కో టైలు మీద నాలుగు మూలలా, మధ్యలో తట్టండి. గట్టిగా అతుక్కున్నది మొద్దుగా మోగుతుంది, కింద ఖాళీ ఉన్నది డొల్లగా పలుకుతుంది. డొల్ల పలికిన ప్రతి టైలు మీదా సుద్దతో గుర్తు పెట్టి గది మొత్తం ఒక ఫొటో తీయండి. రెండు మూడు గుర్తులే ఉంటే సర్దుకోవచ్చు. గది నిండా తెల్ల గుర్తులుంటే వాదన అక్కర లేదు, ఆ ఫొటోయే మాట్లాడుతుంది.

పై బాత్రూమ్ నుంచి కింది గదిలోకి నీళ్లు దిగుతున్నాయి. ప్లంబరు టైల్స్ మేస్త్రి తప్పంటాడు, టైల్స్ మేస్త్రి ప్లంబరు తప్పంటాడు. ఎవరిని పట్టుకోవాలి?

ఈ కష్టం నాకు స్వయంగా తెలుసు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మా ఇంట్లో పై అంతస్తు బాత్రూమ్ కింద పడకగది. గృహప్రవేశమైన ఏడాదికి గోడ మూల అరచేయంత మరక పడింది. పెయింటరును పిలిస్తే గోకి, ఏదో పూసి, మళ్లీ రంగు వేసి డబ్బు తీసుకొని వెళ్లాడు. వానలు వచ్చేసరికి ఆ రంగు పొర బుడగలా ఉబ్బి, వేలితో నొక్కితే పగిలి నీళ్లు కారాయి. తరువాత ముగ్గురు పనివాళ్లు ఒకరి తరువాత ఒకరు వచ్చి, ముగ్గురూ అక్కడ లేని నాలుగోవాడి పేరు చెప్పారు.

చివరికి ఒక పెద్దాయన, వయసు మళ్లిన ప్లంబరు, పని ముట్టుకోకుండా మూడు రాత్రులు అడిగాడు. మొదటి రాత్రి ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటిమట్టం దగ్గర గీత పెట్టించాడు. తెల్లవారి నీళ్లు ఆ గీత దగ్గరే ఉన్నాయి. అంటే మంచినీటి పైపు కారడం లేదు. అది కారుతుంటే బాత్రూమ్ వాడినా వాడకున్నా మట్టం తగ్గుతుంది. రెండో రాత్రి నహానీ ట్రాప్‌లో, అంటే గచ్చు మీది నీళ్లు బయటికి పోయే రంధ్రంలో, గుడ్డ కుక్కి, గచ్చు మీద రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టి, గోడ మీద పెన్సిలు గీత గీశాడు. పొద్దున చూస్తే గీత చెక్కుచెదరలేదు, కింద మరక ముదరలేదు. మూడో రాత్రి గుడ్డ తీసి, ఒక బకెట్ నీళ్లలో నీలిమందు కలిపి ట్రాప్‌లోకి పోశాడు. రెండు గంటల్లో మా పడకగది మరక అంచు నీలంగా మారింది. ట్రాప్‌కూ పైపుకూ మధ్య అతుకు సరిగా వేయలేదు. తప్పు టైల్స్ మేస్త్రిది కాదు, పాపం అతన్ని మేం ఏడాది పాటు తిట్టుకున్నాం.

మీరూ ఈ వరుసలోనే చూడండి. ఫలితం తేలేదాకా ఎవరి మీదా విరుచుకుపడవద్దు. ఎంత చూసినా తేలకపోతే ఫిర్యాదులో ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చవచ్చు, ఎవరి వాటా ఎంతో ఈ ఫిర్యాదులు విని తీర్పు చెప్పే వినియోగదారుల కమిషన్ తేలుస్తుంది. సామాను నాసిరకమని తేలితే తయారీదారునూ, అమ్మిన దుకాణాన్నీ కూడా చేర్చవచ్చు. ఉత్పత్తి బాధ్యత అని 2019 చట్టంలో దానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది.

వైరింగ్ సరిగా చేశాడో లేదో మాకెలా తెలుస్తుంది?

గోడ మూశాక తెలియదు. మూయకముందు ఫొటోలు తీయండి, మిగిలిన తీగ ముక్కలు పారేయకండి. తీగ మీద కొలత ముద్రించి ఉంటుంది. మామూలు ఇళ్లలో దీపాలకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీ, గీజరు లాంటివాటికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగడం వాడుక. గీజరుకు సన్నతీగ లాగినవాడు మీకు మిగిల్చింది కొన్ని వందలు, తెచ్చిపెట్టింది నిప్పు. ఎర్త్ ఉందా, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టాడా అడగండి. దాని మీద ఉండే పరీక్ష బటన్ నొక్కితే కరెంటు టక్కున పోవాలి. ఇంటి వైరింగ్ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారానే జరగాలని నిబంధన ఉంది. లైసెన్సు కాగితం చూపమని అడగడానికి మొహమాటం ఎందుకు?

రాతపూర్వక ఒప్పందం లేదు. స్టాంపు కాగితం లేకపోతే కేసు చెల్లదా?

చెల్లదన్నది అపోహ. నోటిమాట ఒప్పందమూ ఒప్పందమే, దాన్ని రుజువు చేసుకోవడమే కష్టం. వాట్సాప్‌లో అతను పంపిన రేటు, మీరు ఫోన్‌పే, గూగుల్ పే ద్వారా పంపిన డబ్బు, సిమెంటు కొట్టు బిల్లులు, పని జరుగుతుండగా తీసిన ఫొటోలు అన్నీ ఆధారాలే. ఫోన్‌లోని సందేశాలు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయడం మంచిది. ఫోను మార్చినా, పోయినా ఆ సందేశాలు పోకుండా ముందే దాచుకోండి.

ఇకముందు చేసే పనికైతే తెల్ల కాగితం మీద రాసుకున్నా చాలు. ఏ పని, ఎంత కొలత, ఏ రకం సామాను, ఎవరు తేవాలి, ఎప్పటికి అవ్వాలి, డబ్బు ఎప్పుడెప్పుడు, తరువాత తేడా వస్తే ఎన్నాళ్ల వరకు ఉచితంగా సరిచేయాలి అన్నవి రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. "మంచిగా చేసి ఇస్తాను" అన్న వాక్యం రాయించుకోకండి. అది రాసినా రాయకపోయినా ఒకటే.

డబ్బు ఎలా ఇస్తే మంచిది?

నన్ను అడిగితే ఈ వ్యవహారమంతా ఈ ప్రశ్న దగ్గరే తేలుతుంది. నా దగ్గరికి వచ్చిన తగాదాల్లో చాలావాటిలో పని పూర్తికాకముందే డబ్బు పూర్తిగా చేతులు మారి ఉంటుంది. "కూతురి పెళ్లి", "ఊళ్లో పండుగ", "కూలీలకు ఇవ్వాలి" అంటాడు, మనకు జాలి కలుగుతుంది. జాలితో ఇచ్చిన వాయిదా తరువాత ఫోను ఎత్తడు.

పునాది, లింటెల్, శ్లాబు, ప్లాస్టరింగ్, ఫినిషింగ్ అంటూ దశలవారీగా ఇవ్వండి. ప్రతి దశలోనూ అయిన పని కంటే డబ్బు వెనక ఉండాలి, ముందు కాదు. మొత్తంలో పదో వంతు చివరికి ఆపుకోండి. అది ఒక వానాకాలం దాటాక ఇస్తానని ముందే, కాగితం మీదే చెప్పండి. ముందు చెప్పి ఆపితే ఒప్పందం, చెప్పకుండా ఆపితే ఎగవేత. కింద పనిచేసే కూలీల రోజు కూలి మాత్రం ఎన్నడూ ఆపకండి. మేస్త్రి మీద కోపం వాళ్ల కడుపు మీద చూపడం న్యాయం కాదు.

"బిల్లు వద్దంటే తగ్గిస్తాను" అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

తగ్గించే ఆ డబ్బు మీ సాక్ష్యం ధర. అలాగని జీఎస్టీ బిల్లు ఇవ్వని ప్రతివాడూ దొంగ కాడు. ఏడాదికి 20 లక్షల లోపు టర్నోవరు (ఖర్చులు తీయకముందు మొత్తం రాబడి) ఉన్న సేవలవాడు మన రెండు రాష్ట్రాల్లోనూ సాధారణంగా జీఎస్టీ నమోదు చేయించుకోనక్కర లేదు. విడిగా కట్టుకునే ఒక ఇంటికి కూలీ మాత్రమే గుత్తకు చేస్తే దానికి జీఎస్టీ మినహాయింపు కూడా ఉంది. పుచ్చుకున్న డబ్బుకు రసీదు ఇవ్వను అనడానికి మాత్రం వీల్లేదు. బిల్లు గానీ రసీదు గానీ ఇవ్వకపోవడాన్ని 2019 చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది.

లోపం బయటపడింది. మొట్టమొదట ఏం చేయాలి?

వెంటనే పగలగొట్టి వేరేవాళ్లతో బాగు చేయించకండి. సాక్ష్యం మీ చేతులతో మీరే చెరిపేసినట్టవుతుంది. ప్రాణాపాయం ఉంటే, అంటే షాకు కొడుతుంటే, శ్లాబు పెచ్చులు ఊడుతుంటే, ఆగవద్దు. పక్కింటివాళ్లను సాక్షులుగా పెట్టుకొని, వీడియో తీసి, తీసిన పైపు ముక్కనో తీగనో దాచి అప్పుడు బాగు చేయించండి.

ప్రమాదం లేకపోతే పని చేసినవాడికే ముందు అవకాశం ఇవ్వాలి. ఫోన్‌లో చెప్పినా మళ్లీ సందేశం పంపండి. కదలకపోతే ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఏ పని, ఎప్పుడు, ఎంత ఇచ్చారు, ఏం చెడింది, ఏం కోరుతున్నారు, ఎన్ని రోజుల్లో అన్నది ఒక పేజీలో రాస్తే చాలు. 15 రోజులు ఇవ్వడం మర్యాద. తిట్లు రాయకండి. నా దగ్గరికి వచ్చే ఉత్తరాల చిత్తు ప్రతుల్లో సగం తిట్లే ఉంటాయి, అవి కొట్టేయడంతోనే నా పని సగం అయిపోతుంది.

తరువాత 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అది తీర్పు చెప్పదు, అవతలివారిని కదిలించడానికి పనికొస్తుంది. పేరున్న సంస్థలు దానికి జవాబిస్తాయి, విడిగా పనిచేసే మేస్త్రులు పెద్దగా లెక్కచేయరు.

ఫిర్యాదు ఎక్కడ వేయాలి? ఖర్చెంత?

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. మీరు పనికి చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు ఉంటే జిల్లా, అది దాటి 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. ఇక్కడ చూసేది మీరు చెల్లించిన మొత్తం, అడిగే పరిహారం కాదు. రుసుము కూడా దాని మీదే. 5 లక్షల వరకు రుసుము లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400, 50 లక్షల వరకు 1000. ఎనభై వేల పెయింటింగ్ పనికి ఫిర్యాదు చేస్తే రుసుము సున్నా.

కొత్త చట్టం చేసిన పెద్ద మేలు ఇంకొకటుంది. మీరు ఉండే చోట, ఉద్యోగం చేసే చోట ఫిర్యాదు వేయవచ్చు. గుంటూరులో ఉంటూ హైదరాబాద్ కాంట్రాక్టరు కోసం హైదరాబాద్ చుట్టూ తిరగనక్కర లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. వకీలు తప్పనిసరి కాదు.

ఎంత కాలం పడుతుంది? నిజం చెప్పండి.

చట్టం ప్రకారం అవతలివారికి నోటీసు అందిన నాటి నుంచి మూడు నెలలు, ప్రయోగశాల పరీక్ష అవసరమైతే ఐదు నెలలు. నిజానికి అంతకంటే ఎక్కువే పడుతుంది, వాయిదాలకు మనసు సిద్ధం చేసుకోండి. అవతలివారు 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, మరో 15 రోజులు పొడిగించవచ్చు, అంతకు మించి వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో చెప్పింది. మధ్యవర్తిత్వానికి పంపితే ఒప్పుకోవడం గురించి ఆలోచించండి. చిన్న పనుల్లో అక్కడ తేలితేనే మేలు.

కమిషన్ ఏం ఇప్పించగలదు?

లోపం సరిచేయమనగలదు, డబ్బు తిరిగి ఇమ్మనగలదు, నష్టానికి, ఖర్చులకు పరిహారం ఇప్పించగలదు. మనోవేదనకు పాతిక లక్షలు అడగకండి. అడిగినదానికి లెక్క చూపాలి. వేరే కాంట్రాక్టరు రాసిచ్చిన మరమ్మతు అంచనా జతచేస్తే మీ అంకెకు బలం వస్తుంది.

ఇంజినీరు నివేదిక తప్పనిసరా?

చెడిన అల్మరా తలుపుకు అక్కర లేదు. శ్లాబు, పునాది, గోడల సంగతైతే ఉండాల్సిందే. మీ మాటకు ఎదురు అతని మాట తప్ప ఏమీ లేని ఫిర్యాదులు నిలబడవు. సివిల్ ఇంజినీరు వచ్చి చూసి, కొలతలతో, ఫొటోలతో, కారణం చెబుతూ సంతకం చేసిన నివేదిక కావాలి. కాంక్రీటు బలం మీద అనుమానముంటే రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్, అవసరమైతే కోర్ తీసి చేసే పరీక్షలున్నాయి. కొన్ని ఇంజినీరింగ్ కాలేజీల సివిల్ విభాగాలు రుసుము తీసుకొని చేసిపెడతాయి. అవతలివారు మీ ఇంజినీరును నమ్మకపోతే, తన తరఫున వచ్చి పరిశీలించే కమిషనర్‌ను నియమించమని కమిషన్‌నే కోరవచ్చు.

గడువు ఉందా?

రెండేళ్లు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి లెక్క. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, దాన్ని నమ్ముకోకండి. మేస్త్రి "వచ్చే వారం వస్తాను" అంటూ తిప్పేది ఈ గడువులోంచే. మరక మొదట కనబడిన తేదీ, అతనికి చెప్పిన తేదీ రాసిపెట్టండి. సివిల్ కోర్టుకు వెళ్లాలంటే ఇలాంటి దావాలకు సాధారణంగా మూడేళ్లు.

మాది బిల్డరు దగ్గర కొన్న ఫ్లాటు. ఇవే నియమాలా?

మీకు ఇంకో దారి కూడా ఉంది. రెరా అంటే బిల్డర్లను, ఫ్లాట్ల అమ్మకాలను నియంత్రించే చట్టం. 2016 నాటి ఆ చట్టం సెక్షన్ 14 ప్రకారం ఫ్లాటు అప్పగించిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో గానీ, పనితనంలో గానీ లోపం బయటపడి మీరు చెబితే, బిల్డరు 30 రోజుల్లో తన ఖర్చుతో సరిచేయాలి. చేయకపోతే పరిహారం. చట్టంలో పనితనం అన్న మాట ఉంది కనుక "శ్లాబు పడితేనే మా బాధ్యత, టైల్స్ కాదు" అన్న వాదన కుదరదు. తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు వేర్వేరు రెరా సంస్థలున్నాయి. స్థలం 500 చదరపు మీటర్లు, ఫ్లాట్లు ఎనిమిది, ఈ రెండింటినీ మించని చిన్న అపార్ట్‌మెంటుకు రెరా నమోదు అవసరం లేదు. అక్కడ వినియోగదారుల కమిషనే దిక్కు.

స్థలం డెవలప్‌మెంటుకు ఇచ్చి సగం ఫ్లాట్లు తీసుకున్నవాళ్లు "మేం భాగస్వాములం కదా, వినియోగదారులం ఎలా అవుతాం" అని వెనకాడుతుంటారు. అలా ఇచ్చిన స్థల యజమాని కూడా బిల్డరు మీద వినియోగదారుడిగా ఫిర్యాదు చేయవచ్చని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది.

డబ్బు అమెరికాలో ఉన్న మా అబ్బాయి పంపాడు, ఇల్లు మాది. ఫిర్యాదు ఎవరు చేయాలి?

డబ్బిచ్చినవారి అనుమతితో సేవ అందుకుంటున్నవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. కాబట్టి ఇక్కడున్న తల్లిదండ్రులే వేయవచ్చు. ఒప్పందం అబ్బాయి పేరున ఉంటే అతని నుంచి అధికార పత్రం తెప్పించుకోండి. దూరం నుంచి డబ్బు పంపేవాళ్లకు ఒక మనవి: వీడియో కాల్‌లో మేస్త్రి చూపిన గోడ చూసి వాయిదా పంపకండి. అతను చూపేది బాగున్న గోడే.

యాప్‌లో బుక్ చేస్తే వచ్చిన పనివాడు చెడగొట్టాడు. యాప్ వాళ్లు "మేం మధ్యవర్తులం" అంటున్నారు.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వాళ్లకు ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. యాప్‌లోనే రాయండి, ఫోన్ మాటలతో సరిపెట్టుకోవద్దు. కమిషన్‌కు వెళ్తే ఇద్దరినీ చేర్చండి.

మా దుకాణంలో చేయించిన పనికి వర్తిస్తుందా?

వ్యాపార ప్రయోజనానికి తీసుకున్న సేవ అయితే వర్తించదు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి నడుపుకునే చిన్న కొట్టయితే వర్తిస్తుంది.

పోలీసుల దగ్గరికి వెళ్తే త్వరగా తేలదా?

పని బాగా చేయకపోవడం నేరం కాదు. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశంతోనే డబ్బు పుచ్చుకుంటే అప్పుడు వంచన. అడ్వాన్సు తీసుకొని ఒక్క ఇటుక పెట్టకుండా, నలుగురి దగ్గరా ఇలాగే చేసి మాయమైనవాడి మీద ఫిర్యాదు చేయండి. వాలు తప్పిన గచ్చు కోసం స్టేషనుకు వెళ్తే "సివిల్ మ్యాటర్" అని పంపేస్తారు, అందులో వాళ్ల తప్పు లేదు.

తీర్పు మనకే వచ్చింది, అయినా డబ్బు ఇవ్వడం లేదు.

అదే కమిషన్‌లో అమలు దరఖాస్తు వేయాలి. ఆదేశం పాటించనివారికి సెక్షన్ 72 కింద నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, 25 వేలకు తగ్గకుండా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. జిల్లా కమిషన్ తీర్పు మీద అప్పీలుకు వెళ్లాలంటే 45 రోజుల్లో వెళ్లాలి, వేసిన మొత్తంలో సగం ముందు జమ చేయాలి. చాలామంది రాజీకి వచ్చేది ఇక్కడే.

మేస్త్రి మా ఊరివాడే, నాన్నను బాబాయ్ అని పిలుస్తాడు. కేసంటే మనసొప్పడం లేదు.

అయితే కేసు వద్దు. మండల, జిల్లా న్యాయ సేవాధికార సంస్థల్లో కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెడతారు, రుసుము లేదు. 15100కు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు. అక్కడ కుదిరిన ఒప్పందానికి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది. బాబాయ్ అన్న పిలుపూ మిగులుతుంది.

మంచి మేస్త్రిని వెతకడం ఎలా?

ఇప్పుడు కడుతున్న ఇల్లు చూపిస్తానంటాడు. వద్దనండి, మూడు వానాకాలాలు దాటిన ఇల్లు చూపమనండి. వెళ్లాక హాలు, ఎలివేషను చూస్తూ నిలబడకండి. ఆ ఇంటి ఇల్లాలిని అడిగి, బాత్రూమ్ గోడకు అవతలి వైపున్న గదిలోకి వెళ్లి, మంచం పక్కకు జరిపి, గోడ కింది జానెడు మేర చేత్తో తడిమి చూడండి.